మొదటి ట్రయాథ్లాన్‌కు పేరిచ్చారా? కర్నూలు వాళ్ళు ముందే చూసుకోవాల్సినవి

తెల్లవారుజామున ఓర్వకల్లు దాకా సైకిల్ తొక్కి వచ్చేవాళ్ళు, ఆదివారం పది కిలోమీటర్లు పరుగెత్తేవాళ్ళు మన కర్నూలులో ఇప్పుడు బాగానే ఉన్నారు. వాళ్ళలో కొందరు హైదరాబాదులోనో బెంగళూరులోనో జరిగే ట్రయాథ్లాన్‌కు, అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీకి పేరిచ్చి, ఇక ఈత ఒక్కటి చూసుకుంటే చాలంటున్నారు. నా భయమంతా ఆ ఒక్కదాని గురించే.

ముందు దూరం సంగతి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌తో ఈ ఆట ఒలింపిక్స్‌లోకి వచ్చింది. అక్కడి లెక్క 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. అందులో సగం దూరాన్ని స్ప్రింట్ అంటారు. 750 మీటర్లు ఈది, 20 కిలోమీటర్లు తొక్కి, 5 కిలోమీటర్లు పరుగెత్తాలి. మొదటిసారికి అది చాలు. స్నేహితులు వెళ్తున్నారని గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్ అనే ఇంకా పెద్ద ట్రయాథ్లాన్‌తో మొదలుపెట్టకండి. అక్కడ 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈదాలి.

"మనకు ఈత రాకేమన్నా, కేసీ కాలువలో ఈదులాడినోళ్ళం" అనే మాట తరచూ వినిపిస్తుంది. బావిలోనో కాలువలోనో నేర్చిన ఈత ఈతే, కాదనను. కానీ అందులో తల ఎప్పుడూ నీళ్ళ పైనే ఉంటుంది, కాళ్ళు కిందికి వేలాడుతుంటాయి. నాలుగు బారలు వేస్తే గట్టు దొరుకుతుంది. అదే తీరులో 750 మీటర్లు ఈదాలంటే సగానికే మెడ పట్టేస్తుంది, ఆయాసం వస్తుంది. ముఖం నీళ్ళలో పెట్టి, గాలి నీళ్ళలోనే వదిలి, తల పక్కకు తిప్పి పీల్చుకోవడం స్విమ్మింగ్ పూల్‌లో కోచ్ దగ్గర నేర్చుకోవాలి. చాలామందికి ఊపిరి చాలకపోవడానికి కారణం లోపలి గాలి పూర్తిగా వదలకపోవడమే. 25 మీటర్ల పూల్‌లో 30 సార్లు దాటితే 750 మీటర్లు. ఆ దూరం నిదానంగా, గోడ పట్టుకుని ఆగకుండా ఈదగలిగిన తర్వాతే ఫీజు కట్టండి.

పోటీ చెరువులో అయితే ఆ లెక్క కూడా మారిపోతుంది. అడుగు కనపడదు, పట్టుకోవడానికి గోడ ఉండదు, పక్కవాళ్ళ చేతులూ కాళ్ళూ తగులుతుంటాయి. గుండె దడదడలాడుతుంది, ఛాతీ బిగుసుకుంటుంది. ట్రయాథ్లాన్‌లలో జరిగిన మరణాల్లో ఎక్కువ భాగం నీళ్ళలోనే జరిగాయి. వాళ్ళలో ఈత బాగా వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందుకని వేగం కంటే ముందు వెల్లకిలా తేలడం నేర్చుకోండి. దడ పుట్టగానే వెల్లకిలా తిరిగి, చెవులు నీళ్ళలో మునిగేలా తల వెనక్కి వాల్చి, నిదానంగా ఊపిరి వదలండి. తగ్గకపోతే చెయ్యి పైకెత్తితే పడవవాళ్ళు వస్తారు. మామూలుగా పడవను పట్టుకుని సేద తీరినా తప్పు పట్టరు, దాని సాయంతో ముందుకు కదలకూడదంతే. అయినా ఆ పోటీ నిబంధన ముందే అడిగి పెట్టుకోండి. మొదలయ్యేటప్పుడు గుంపు మధ్యలో నిలబడకుండా, అందరినీ ముందుకు పోనిచ్చి ఒక పక్కగా దిగండి.

సాధన కోసమని మాత్రం కాలువలోకో, తుంగభద్రలోకో, సుంకేసుల దగ్గరికో పోవద్దు. సిమెంటు వేసిన కాలువ గట్టు పాచిపట్టి జారుతుంది, ఎక్కుదామంటే పట్టు దొరకదు. తూముల దగ్గర నీళ్ళు లోపలికి లాగేస్తాయి. ఇసుక తవ్విన చోట ఏట్లో మోకాటి లోతు ఒక్క అడుగులో నిలువు లోతవుతుంది. పడవ, కోచ్, నడుముకు కట్టుకునే బోయ్ (నీళ్ళ మీద తేలే గాలి సంచి) ఉన్న చోటే చెరువు ఈత. అది కుదరకపోతే పూల్‌లోనే గోడ ముట్టకుండా వెనక్కి తిరగడం సాధన చేయండి.

నలభై దాటినవాళ్ళు, షుగరో బీపీయో ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళు సాధన మొదలుపెట్టకముందే డాక్టరుకు చూపించుకోండి. పరుగులో ఛాతీ బరువెక్కినా, కళ్ళు తిరిగినా గ్యాస్ అని తోసేయకండి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో పోటీ ఉంటే మానుకోండి. ఫీజు పోతే పోనీ.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మనకు 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు, అందుకని ఎండ మనకు అలవాటేలే అనుకుంటాం. పగలంతా ఏసీలో కూర్చునే ఒంటికి ఆ అలవాటు ఉండదు. వేడిలో శ్రమకు శరీరం సర్దుకోవడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది, అదీ రోజూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతేనే. పోటీ పొద్దున్నే మొదలైనా పరుగు వచ్చేది చివర్లో, ఎండ ఎక్కాక. దాహమైనప్పుడు తాగండి. ముందు జాగ్రత్తని లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్ళు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్ళకు ఒకటి, మొత్తం ఒక గ్లాసులో కలిపేయకూడదు. నొప్పి రాకుండా ముందే ఐబుప్రోఫెన్ లాంటి మాత్ర వేసుకోకండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మూత్రపిండాల మీద పడుతుంది.

పక్కన పరుగెత్తేవాళ్ళు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బే అనుకోండి. నీడలోకి చేర్చి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. మెడకు, చంకలకు, గజ్జలకు ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు. 108కి ఫోన్ చేసినా అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకండి.

సైకిల్ ఖరీదైనది కానక్కర్లేదు, బ్రేకులు గట్టిగా పడితే చాలు. మన రోడ్ల మీద ఎక్కువ ఇబ్బంది కంపముళ్ళతో. పంక్చరైతే ట్యూబు మార్చేసి ఊరుకోకుండా, టైరు లోపలి వైపు చుట్టూ వేలితో మెల్లగా తడమండి. విరిగిన ముల్లు మొన టైరులోనే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా పోతుంది. చీకట్లో హైవే అంచున లైట్లు లేకుండా ఆగిన లారీలు, ఎదురుగా వచ్చే ట్రాక్టర్లు ఉంటాయి. పంట కాలంలో పల్లె రోడ్ల మీద మొక్కజొన్న ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. వెలుతురు వచ్చాకే బయలుదేరండి, వెనక ఎర్ర లైటు మాత్రం ఎప్పుడూ వెలుగుతుండాలి. పోటీలో హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాకే స్టాండు మీద సైకిల్‌ను ముట్టుకోవాలి, మళ్ళీ సైకిల్ అక్కడ పెట్టేదాకా తీయకూడదు.

సైకిల్ దిగాక కాళ్ళు మన మాట వినవు. వారానికోసారి సైకిల్ దిగిన వెంటనే పది నిమిషాలు పరుగెత్తుతుంటే అది అలవాటవుతుంది. ముందు రోజు రాత్రి, ఆ పొద్దున ఒంటికి పడే తిండే తినండి. ఇడ్లీ, అరటిపండు అయితే రెండు మూడు గంటల ముందు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పోటీ అయ్యాక.

ముగింపు గీత దాటగానే కూలబడకండి, పది నిమిషాలు నడవండి. ఆ రోజే హైవే మీద మీరే కారు నడుపుకుంటూ కర్నూలు రావద్దు, పక్కన ఎవరినైనా తెచ్చుకోండి. తర్వాతి రెండు మూడు రోజుల్లో మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే నీళ్ళు తాగి చూద్దామని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.