ఎండాకాలం చేపల చెరువు: సమస్య - పరిష్కారం

రోహిణి కార్తె వచ్చిందంటే నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట వైపు చెరువుల్లో మధ్యాహ్నానికి పైనీళ్లు కాగిపోతాయి. చెరువుల్లో పెంచే శీలావతి (రోహు), బొచ్చె (కట్ల) చేపలకు 25 నుంచి 32 డిగ్రీల దాకా బాగుంటుంది. అది దాటితే ఒత్తిడి మొదలవుతుంది. అయితే ఎండాకాలంలో చేప చచ్చేది ఎక్కువగా మిట్టమధ్యాహ్నం కాదు, తెల్లవారుజామున ఊపిరాడక. అందుకే చేప తేడాగా కనబడితే మందుల షాపుకు పరిగెత్తకుండా ముందు నీళ్లు చూడండి.

సమస్య: తెల్లారేసరికి చేప పైకి తేలి నోరు తెరుస్తోంది

కారణం: నీళ్లు ఎంత వేడో చేప ఒళ్లూ అంతే వేడి. వేడి పెరిగేకొద్దీ దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. నీళ్లలో చూస్తే అది తగ్గిపోతుంది. 25 డిగ్రీల మంచినీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీల్లో 7 కూడా కరగదు. పగలు ఆక్సిజన్ ఇచ్చే పచ్చ ప్లాంక్టనే (నీళ్లలో తేలే కంటికి ఆనని పచ్చటి నాచు) రాత్రి దాన్ని వాడేసుకుంటుంది. అడుగున కుళ్లే మేత మిగతాది లాగేస్తుంది.

పరిష్కారం: వెంటనే ఏరేటర్లు (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు) వేయండి. లేకపోతే డీజిల్ ఇంజన్‌తో చెరువు నీళ్లే తోడి, ఎత్తు నుంచి మళ్లీ చెరువులోకే కొట్టండి. బోరు నీళ్లు పెట్టేటప్పుడు పైపు చెరువులో ముంచొద్దు. బోరు నీళ్లలో ఆక్సిజన్ దాదాపు ఉండదు, రేకు మీద పడి తుంపర్లుగా చెదిరితేనే గాలి పడుతుంది.

ఆ రోజు మేత కోసం కర్రలకు కట్టే తవుడు సంచులు కట్టొద్దు. చేప బరువు తగ్గుతుందేమోనని చాలామందికి మనసొప్పదు. కానీ తిన్నది అరగడానికీ ఆక్సిజనే కావాలి. ఒక పూట పస్తుంటే చేపకు ఏమీ కాదు.

తర్వాత ఒకసారి గట్టు మీద నుంచి చెయ్యి నీళ్లలో దించి చూడండి. ముంజేయి సగం మునగక ముందే అరచెయ్యి కనబడకపోతే పచ్చదనం మితిమీరినట్టే. యూరియా, పేడ ఆపండి. కొంత నీళ్లు మార్చండి. అర్ధరాత్రి నుంచి ఎండ పొడిచేదాకా ఏరేటర్లు తిప్పండి. లోతు 5 అడుగులకు తగ్గకుండా చూసుకుంటే అడుగు నీళ్లు కాస్త చల్లగా ఉంటాయి.

సమస్య: మేత మిగులుతోంది, చేప మందంగా తిరుగుతోంది

కారణం: ఆక్సిజన్ బాగానే ఉంటే అమ్మోనియాను (చేప వ్యర్థాలు, మిగిలిన మేత నుంచి వచ్చే విషం) అనుమానించండి. వేడి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగితే దాని విషం పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం 7-8 శాతమే. పీహెచ్ 9కి చేరితే 40 శాతం దాటుతుంది.

పరిష్కారం: పీహెచ్‌ను సాయంత్రం చూడండి, అప్పుడే ఎక్కువ ఉంటుంది. ఎక్కువుంటే సున్నం చల్లొద్దు. అలవాటుగా చల్లేస్తే విషాన్ని మనమే పెంచినట్టు. మేత సగం చేసి, ఉదయం పూటే పెట్టి, నీళ్లు మార్చండి.

సమస్య: చేప ఎగురుతోంది, సంచుల కర్రలకు ఒళ్లు రుద్దుకుంటోంది

కారణం: చేప ఒంటికి పట్టే పేను. ఒత్తిడితో చేపలో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, వేడికి పేను గుడ్లు త్వరగా పొదుగుతాయి. పేను కుట్టిన చోట పుండు పడితే ఎర్రమచ్చలు తోడవుతాయి.

పరిష్కారం: పేను గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది. వెదురు కర్రలు అక్కడక్కడా గుచ్చి, వారానికోసారి తీసి గట్టు మీద బాగా ఎండబెట్టండి. మందు, మోతాదు మత్స్యశాఖ వాళ్లను అడిగే వాడండి. మందు వేసే రోజు ఆక్సిజన్ తప్పకుండా చూసుకోండి, నీరసపడ్డ చేప మందునూ తట్టుకోలేదు.

సమస్య: ఎండలు పోయి వాన పడ్డాక చేప తేలింది

కారణం: పైనీళ్లు ఒక్కసారిగా చల్లబడి కిందికి దిగుతాయి, అడుగున ఉన్న ఆక్సిజన్ లేని నీళ్లు, చెడు వాయువులు పైకి లేస్తాయి.

పరిష్కారం: వేసవిలో రోజూ మధ్యాహ్నం గంటసేపు ఏరేటర్ తిప్పితే పైనీళ్లు, అడుగు నీళ్లు కలిసిపోయి ఈ తేడా రాదు. మబ్బు పట్టిన రోజు మేత తగ్గించండి. వాన మొదలవగానే ఏరేటర్లు వేసి, మర్నాడు పొద్దెక్కేదాకా ఆపకండి. కరెంటు పోతుంది కాబట్టి జనరేటర్లో డీజిల్ ముందే పోసి ఉంచుకోండి.