కాడ్ ప్లగిన్ కొనే ముందు ఇవి చూసుకోండి

ఆటోకాడ్ లాంటి కాడ్ సాఫ్ట్‌వేర్ (కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసేది) లోపలే నడుస్తూ దానికి కొత్త పనులు జోడించే ప్లగిన్ తీసుకోవాలా, విడిగా నడిచే సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా అని ఊగిసలాడుతుంటే డబ్బులు కట్టకముందే ఇవి చూసుకోండి.

– మీది ఫుల్ ఆటోకాడా, దాని చవక వెర్షన్ ఎల్‌టీనా? ఎల్‌టీకి ఆటోలిస్ప్ (ఆటోకాడ్‌లో చిన్న ప్రోగ్రాములు రాసే భాష) 2024 వెర్షన్‌తోనే వచ్చింది, ఏఆర్ఎక్స్ ప్లగిన్లు (సీ++లో రాసేవి) అందులో ఎక్కవు.

– ప్లగిన్ ఆటోకాడ్ ఏ వెర్షన్‌కి చేశారో అడగండి. ఆటోకాడ్ 2025 డాట్‌నెట్ 8కి (ప్లగిన్లు నడిచే మైక్రోసాఫ్ట్ ప్లాట్‌ఫాం) మారింది, డాట్‌నెట్‌లో రాసిన పాత ప్లగిన్లు చాలావరకు చేసినవాళ్లు మళ్లీ కంపైల్ చేసి ఇవ్వాల్సిందే, చేసిచ్చినాయన ఫోన్ ఎత్తకపోతే మీ పని అక్కడే ఆగిపోద్ది.

– డ్రాయింగ్ ఎవరికి పంపుతారు? ఇది నాకు తగిలిన దెబ్బ. ప్లగిన్‌తో గీసిన పైపులు అవతలివాళ్ల సిస్టంలో ప్రాక్సీ ఆబ్జెక్టులుగా (ఆ ప్లగిన్ లేనిచోట కనిపించే ఉత్త బొమ్మలు) తెరుచుకున్నాయి, స్ట్రెచ్ అవవు, గ్రిప్పులు (పట్టుకుని లాగే చుక్కలు) సరిగా రావు, సైట్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు, చివరికి రాత్రి పదకొండింటికి కూర్చుని అన్నీ ఎక్స్‌ప్లోడ్ కమాండ్ కొట్టి మామూలు లైన్లుగా చేసి పంపా.

– విడి సాఫ్ట్‌వేర్ అయితే మీ పాత డీడబ్ల్యూజీ (ఆటోకాడ్ డ్రాయింగ్ ఫైల్) ఒకటి అందులో తెరిచి, సేవ్ చేసి, మళ్లీ ఆటోకాడ్‌లో చూడండి, లేయర్లు, ఫాంట్లు, డైమెన్షన్లు అలాగే ఉన్నాయా అని. వాళ్ల డెమో ఫైల్ మీద కాదండోయ్, అది ఎప్పుడూ బానే ఉంటది.

– ప్లగిన్ రేటు చవగ్గా కనిపిస్తుంది గానీ అది నడవడానికి ఆటోకాడ్ లైసెన్సు కూడా కడుతూనే ఉండాలి, రెండూ కలిపి లెక్కేయండి.