పేపర్లో పండిన వార్త ఆన్‌లైన్లో ఎందుకు తేలిపోతోంది?

ఏళ్ల తరబడి జిల్లా పేజీలకు రాసినవాళ్లు వెబ్‌సైట్‌కు మారగానే మనకిక రాయడం రాదేమో అని దిగులుపడిపోతుంటారు. రాయడం ఎక్కడికీ పోలేదండీ. పేపర్లో సగం పని పేజీయే చేసిపెట్టేది: పైన తేదీ, పక్కన ఫొటో, ఏ నియోజకవర్గమో చెప్పే పట్టీ. ఇక్కడ అదంతా మన నెత్తినే పడింది.

సమస్య: పేపర్‌కు కొట్టిన వార్తను వెబ్‌సైట్‌లో పేస్ట్ చేస్తే అన్నీ పిచ్చి గుర్తులే.

కారణం: అచ్చుకు అక్షరం ఆకారం ఉంటే చాలు. పేపర్లలో వాడే పాత 'అను' ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల చోట తెలుగు ముక్కలు పెట్టి నడిపినవి, ఆ ఫాంట్ లేని చోట అసలు రూపం బయటపడుతుంది. వెబ్‌కు యూనికోడ్ కావాలి, అంటే ఏ ఫోన్లో అయినా ప్రతి అక్షరానికీ ఒకే కోడ్ ఉండే పద్ధతి.

పరిష్కారం: పాత కాపీని కన్వర్టర్‌లో వేసి మార్చండి, కానీ నమ్మి వదిలేయకండి, వత్తులూ ముఖ్యంగా క్రావడి ('క్ర'లోని ర వత్తు) అటూఇటూ అవుతుంటాయి, ఒకసారి చదవాల్సిందే. కొత్తవి నేరుగా యూనికోడ్‌లోనే కొట్టండి. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు ఉంది. వేళ్లు పాత డీటీపీ పనిలోని యాపిల్ లేఅవుట్‌కు (కీల అమరికకు) అలవాటుపడితే దానికీ యూనికోడ్ కీబోర్డులున్నాయి.

సమస్య: వార్త బాగుంది, వెతికితే మాత్రం దొరకదు.

కారణం: హెడ్డింగ్. శ్రీశైలం గేట్లు ఎత్తిన రోజు 'కృష్ణమ్మ పరవళ్లు' అని పెట్టి నాలుగు కాలమ్‌ల ఫొటో వేస్తే పేపర్లో ఇక మాట అక్కర్లేదు. ఫోన్ పట్టుకున్నవాడు 'శ్రీశైలం నీటిమట్టం' అని కొడతాడు. ఆ మాట మీ హెడ్డింగ్‌లో లేదు, కాబట్టి మీరూ లేరు.

పరిష్కారం: ఊరు, విషయం, అంకె. ఎన్ని గేట్లు ఎత్తారు, నీరు ఎన్ని అడుగుల్లో ఉంది అన్నది హెడ్డింగ్‌లోకి రావాలి. పూర్తి మట్టం 885 అడుగులని మొదటి పేరాలోనే చెప్పండి, లేకపోతే 880 అంటే ఎక్కువో తక్కువో పాఠకుడికెలా తెలుస్తుంది? దిగువన సాగర్ (పూర్తి మట్టం 590) పరిస్థితి కూడా కలిపితే విజయవాడలో కరకట్ట పక్కన ఉండేవాళ్లకూ పనికొస్తుంది. ప్రాస వదలడం మనకు ప్రాణం పోయినంత పని, తెలుసు. దాన్ని సబ్ హెడ్డింగ్‌లో పెట్టుకోండి. లింకులో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే వాడండి, తెలుగు పెడితే షేర్ చేసేటప్పుడు శాతం గుర్తులతో చాంతాడంత అవుతుంది.

సమస్య: ఎప్పటిదో వరద వార్త ఈ వానాకాలం మళ్లీ వాట్సాప్‌లో తిరుగుతోంది.

కారణం: 'గురువారం', 'నిన్న రాత్రి', 'ముఖ్యమంత్రి అన్నారు'. ఏ గురువారం? ఏ ముఖ్యమంత్రి?

పరిష్కారం: తేదీ, నెల, సంవత్సరం, పదవితో పాటు పేరు. జిల్లాతో పాటు మండలం కూడా రాయండి, ఎందుకంటే 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, పాత వార్తల్లోని జిల్లా ఇప్పుడు వేరే జిల్లా కావచ్చు.

సమస్య: తొందరలో తప్పు వెళ్లింది.

గుట్టుగా మార్చేస్తే స్క్రీన్‌షాట్లు మిగిలే ఉంటాయి. ఏది తప్పో, ఎప్పుడు దిద్దామో పైనే ఒక లైను రాయండి. పాఠకుడు ఫిర్యాదు చేస్తే, 2021 ఐటీ (సమాచార సాంకేతిక) నిబంధనల ప్రకారం 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి.

ఇక వీడియో. సౌండ్ ఆపి చూసేవాళ్లుంటారు, ఊరి పేరూ తేదీ మొదటి షాట్‌లోనే తెర మీద వేయండి. మైక్ లేకపోతే గాలికి వీపు పెట్టి నిలబడండి, మాట కాస్త వినిపిస్తుంది.