మిట్టమధ్యాహ్నం గంటస్తంభం ఫొటో తీస్తుంటే

విజయనగరం గంటస్తంభాన్ని మిట్టమధ్యాహ్నం ఫోన్‌తో తీస్తే ఎండవైపు గోడ తెల్లగా వెలిసిపోయి, నీడవైపు నల్లగా ముద్దకట్టినట్టు వస్తుంది. స్క్రీన్ మీద బాగా వెలుగున్న గోడనే తాకి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి. నీడ ఇంకాస్త చీకటైనా పర్వాలేదు, ఎడిటింగ్‌లో షాడోస్ పెంచితే చాలావరకు తేలుతుంది. తెల్లగా పోయిన గోడ మాత్రం ఎంత తంటాలు పడ్డా తిరిగి రాదు. స్తంభానికి ఎనిమిది ముఖాలు కదా, ట్రాఫిక్ చూసుకుంటూ చుట్టూ ఒకసారి తిరగండి. ఒక ముఖం ఎండలో, పక్కది నీడలో ఉన్న చోటు దొరికితే కట్టడం లోతు తెలుస్తుంది.

శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగం గుడి శిల్పాలకైతే పొద్దున్నే వెళ్లండి. ఏటవాలు ఎండలో ఒక్కో చెక్కడం రాతిలోంచి లేచినట్టుంటుంది.