అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చాం కదా, మరి గొడవ ఎందుకొచ్చింది? సమస్య - పరిష్కారం

హైదరాబాద్‌లో చిన్న సంస్థలు నడిపేవాళ్లలో చాలామంది ఒకటే పని చేస్తుంటారు. మాదాపూర్‌లో ఐటీ కంపెనీలో చేసే బావమరిదిని అడిగి వాళ్ల ఆఫర్ లెటర్ తెప్పించుకుంటారు, కంపెనీ పేరు మార్చి, తమ డయాగ్నొస్టిక్ సెంటర్‌కో ఫర్నిచర్ షాపుకో వాడేస్తారు. ఆ లెటర్ ఆ కంపెనీకి సరిపోవచ్చు. ఎందుకంటే తెలంగాణ షాపులు, సంస్థల చట్టంలో పని గంటలు, తొలగింపు లాంటి కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ సంస్థలకు ప్రభుత్వం జీవోల ద్వారా మినహాయింపు ఇస్తూ వస్తోంది. మీ షాపుకి ఆ మినహాయింపు లేదు. కింద రాసిన సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే.

సమస్య: పనిలోంచి తీసేశాం, లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది

ముందు మీ లెటర్ తీసి చూడండి. "యాజమాన్యం ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండా తొలగించవచ్చు" అనో, "ప్రొబేషన్ ఏడాది, ఆ కాలంలో నోటీసు ఉండదు" అనో కచ్చితంగా ఉంటుంది. 1988 నాటి షాపులు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు నిరాటంకంగా పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు, తీసేస్తే రాతపూర్వకంగా నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి. ఏడాది దాటితే, చేసిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. మీరు ప్రొబేషన్ అన్నా, ట్రైనీ అన్నా ఏడో నెల నుంచి ఆ మనిషికి ఈ రక్షణ ఉన్నట్టే. సంతకం పెట్టించుకున్నంత మాత్రాన చట్టం పక్కకు తప్పుకోదు.

సరిచేయడం ఇలా: ప్రొబేషన్ ఆరు నెలలు మించకుండా పెట్టండి. ఐదో నెలలోనే పనితీరు మీద ఒక పేజీ రాసి, చూపించి, సంతకం తీసుకోండి. నోటీసు గడువు ఇద్దరికీ ఒకేలా ఉండాలి, ఉద్యోగికి మూడు నెలలు, యజమానికి పదిహేను రోజులు అని రాస్తే చూసేవాళ్లకే నచ్చదు. డబ్బు తీశాడు, తాగి వచ్చాడు లాంటి దుష్ప్రవర్తన కారణమైతే అది వేరే క్లాజు: ఆరోపణ రాసిచ్చి, సంజాయిషీ అడిగి, విచారణ చేసి, అదంతా కాగితం మీద పెట్టాకే తొలగింపు. వాట్సాప్‌లో "రేపట్నుంచి రావొద్దు" అని పెడితే మాత్రం ఆ మెసేజే అవతలివాళ్లకు సాక్ష్యం.

సమస్య: రెండు లక్షల బాండ్ (ఇన్నాళ్లలోపు మానేస్తే డబ్బు కడతానన్న ఒప్పందం) రాయించుకున్నాం, అయినా వదిలేసి వెళ్లిపోయాడు, రూపాయి రాలేదు

కారణం వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద ఉన్న నమ్మకం. చెల్లని షరతు ఏ కాగితం మీద రాసినా చెల్లదు. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత అంకె రాసుకున్నా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల సర్వీసు, రెండు లక్షల బాండ్‌ను సమర్థించింది కదా అని చాలామంది అంటున్నారు. నిజమే, కానీ అది ప్రభుత్వ రంగ బ్యాంకు, మంచి జీతమున్న సీనియర్ ఉద్యోగం, పెద్ద ఖర్చుతో జరిగే నియామక ప్రక్రియ. పదిహేను వేల జీతానికి చేరిన ల్యాబ్ టెక్నీషియన్ మీద అదే రెండు లక్షలు పెట్టి ఆ తీర్పు చూపిస్తే నిలబడుతుందనుకోవద్దు.

క్లాజు ఇలా రాసుకోండి: "ఈ పరికరంపై శిక్షణ కోసం సంస్థ 48,000 రూపాయలు చెల్లించింది, రసీదు జతచేశాం. శిక్షణ ముగిసిన రోజు నుంచి 12 నెలలు నిండకముందే ఉద్యోగి తనంతట తాను మానేస్తే, మిగిలిన ప్రతి నెలకూ 4,000 రూపాయల చొప్పున తిరిగి ఇవ్వాలి. సంస్థే తొలగిస్తే ఈ షరతు వర్తించదు." ఖర్చు నిజంగా పెట్టారు, నెలనెలా తగ్గుతోంది, ఇద్దరికీ న్యాయంగా ఉంది. అసలు శిక్షణే ఇవ్వకపోతే బాండ్ పెట్టకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో దాచుకోవడం అయితే పూర్తిగా తప్పు, ఆ పిల్లల బతుకు తెరువు మీ తాళం కింద ఉంచే హక్కు మీకు లేదు.

సమస్య: మానేసి పక్క వీధిలో అదే వ్యాపారం పెట్టాడు

"రెండేళ్లు ఇదే రంగంలో పనిచేయకూడదు" అన్న షరతు ఉద్యోగం ముగిశాక కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. దాని కోసం లాయర్‌కి డబ్బు తగలేయకండి. ఉద్యోగంలో ఉండగా వేరే చోట పనిచేయకూడదని, మానేశాక కస్టమర్ల లిస్టు, రేట్లు, ఫార్ములాలు బయటపెట్టకూడదని రాయవచ్చు. ఏవి రహస్యమో పేర్లు పెట్టి రాయండి, "సమస్త సమాచారం" అంటే ఏదీ కాదు.

సమస్య: బేసిక్ తక్కువ పెట్టాం, ఇప్పుడు లెక్క తేలట్లేదు

2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర వేతనంలోనే కలిపేస్తారు. ముప్పై వేలలో బేసిక్ తొమ్మిది వేలు, అలవెన్సులు ఇరవై ఒక్క వేలు అనుకోండి, ఆరు వేలు వేతనంలోకి వచ్చి లెక్క పదిహేను వేల మీద సాగుతుంది. గ్రాట్యుటీ (ఉద్యోగం ముగిసినప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) కూడా దాని మీదే. లెటర్‌లో జీతం పట్టికను ఇప్పుడే మార్చండి. ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలానికే అని ఒప్పందం రాసి తీసుకున్నవాళ్లకు ఇప్పుడు ఏడాదికే గ్రాట్యుటీ వస్తుందన్నది కూడా చూసుకోండి.

సమస్య: కన్సల్టెంట్ అని రాశాం, అయినా పీఎఫ్ అడుగుతున్నారు

పొద్దున తొమ్మిదికి బయోమెట్రిక్, సెలవుకి మీ పర్మిషన్, పని మొత్తం మీరు చెప్పినట్టే... ఇంక కన్సల్టెంట్ ఎక్కడ? చూసేది హోదా కాదు, పని జరిగే తీరు. ఇరవై మంది ఉంటే పీఎఫ్, పది మంది ఉంటే ఈఎస్‌ఐ అని మొదట్నుంచే లెక్కలోకి తీసుకోండి.

సమస్య: రిజైన్ చేశాక జీతం ఆపామని కంప్లైంట్

"45 రోజుల్లో ఫుల్ అండ్ ఫైనల్" (ఆఖరి లెక్క చూసి బాకీ మొత్తం తీర్చడం) అన్న పాత లైను ఉంటే కొట్టేయండి. వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగి మానేసినా, మీరు తీసేసినా, రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. అందుకని ల్యాప్‌టాప్, తాళాలు, లెక్కలు అప్పగించే పని ఆఖరి రోజుకి ముందే పూర్తయ్యేలా లెటర్‌లో తేదీలతో రాయండి. కోతలు ఏమైనా ఉంటే వేతనంలో సగం మించకూడదు, అవి కూడా చట్టం ఒప్పుకున్న రకాలే అయ్యుండాలి.

చివరగా రెండు చిన్న విషయాలు. లెటర్ రెండు ప్రతులు తీసి, ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు పెట్టి ఒకటి ఉద్యోగికి ఇవ్వండి, నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు కోడ్ ప్రకారం తప్పనిసరి. ఇంగ్లిష్ సరిగా రాని మనిషైతే తెలుగులోనో ఉర్దూలోనో ఇంకో ప్రతి తయారుచేసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి.