బతుకమ్మ ముందు చీరల దుకాణానికి వెబ్‌సైట్ పెడుతున్నారా? ఇవి చూసుకోండి

గద్వాల, నారాయణపేట దుకాణదారుల కోసం రాస్తున్నా. కోడింగ్ రాకున్నా సైటు అయితది, కానీ:

• డొమైన్ (నెట్‌ల మీ సైటు పేరు, అడ్రసు) మీ సొంత మెయిల్, మీ ఫోన్ నంబరుతోనే కొనండి. మా తమ్ముడి దుకాణం డొమైన్ సైటు చేసిన పిలగాడి ఖాతాలో ఉండె. గడువు పొడిగించుకోమనే (రెన్యువల్) మెసేజ్ మాకు రాలే, సరిగ్గా పండుగ ముందు సైటు ఆగింది.

• కోడింగ్ లేకుండ సైటు కట్టుకునే విక్స్‌లో కట్టిన సైటును ఎత్తుకపోయి వేరే హోస్టింగ్‌ల (సైటును నెట్‌ల ఉంచే సేవల) పెట్టలేం. సైట్లు కట్టే ఇంకో సాధనం వర్డ్‌ప్రెస్‌ల ఎక్స్‌పోర్ట్ (సైటుల ఉన్నది బయటికి తీసుకపోయే వీలు) ఉంటది. ఏడాది పైసలు కట్టకముందే తేల్చుకోండి.

• డొమైన్‌కు, హోస్టింగ్‌కు రెండో ఏడాది ధర అడగండి. మొదటి ఏడాది తగ్గింపు ధరే కనపడ్తది.

• గద్వాల చీర నూలు, అంచు కొంగు పట్టు. ఆ రెండూ కలిసే చోట పగటి వెలుగుల, దగ్గర్నుంచి ఫోటో తీయండి. 5 ఎంబీ ఫోటో అట్లనే పెడితే పల్లెల ఫోన్లల్ల తెరుచుకోదు, 200 కేబీకి తగ్గించండి.

• 1 రూపాయి ఆర్డర్ మీరే పెట్టి, డబ్బు ఖాతాలో పడిందా చూడండి.