వేడెక్కితే ఆగిపోయే బి.ఎస్.ఎ. ఎం20 మోటారు సైకిలు: సమస్య – పరిష్కారం

సమస్య: చల్లగా ఉన్నప్పుడు ఒకటి రెండు కిక్కులకే అందుకున్న ఇంజను, కొంత దూరం నడిచి బాగా వేడెక్కాక నీరసించి ఆగిపోతుంది. అప్పుడు ఎంత తన్నినా అందుకోదు. చల్లారాక మళ్లీ మామూలుగా నడుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో మా నాన్నగారు ఉత్తర ఆఫ్రికాలో నడిపినది ఈ 496 సీసీ సైడ్ వాల్వ్ (వాల్వులు సిలిండరు పక్కన ఉండే) బండినే. ఎడారిలో దాన్ని ఆపి చల్లార్చుకొని కదిలేవాళ్లమని ఆయన చెప్పేవారు. ఇటువంటి జ్ఞాపకాలతోపాటు బండిని కూడా అందుకున్న పిల్లలు, ఆగిపోవడం దాని స్వభావమేనని సరిపెట్టుకోవడం నన్ను బాధిస్తుంది. ఇంజను కాగడం వేరు, నిప్పురవ్వ చచ్చిపోవడం వేరు. ఆ రోజుల్లో కొత్తగా ఉన్న భాగాలకు ఇప్పుడు ఎనభై ఏళ్లు దాటాయి.

కార్బురేటర్ విప్పే ముందు, బండి ఆగిన చోటనే పెట్రోలు ట్యాంకు మూత తీసి చూడండి. వెంటనే అందుకుంటే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయిందన్నమాట. శుభ్రం చేస్తే సరిపోతుంది. క్షణంలో అయ్యే ఈ పరీక్షను వదిలేసి జెట్లన్నీ విప్పేసినవారే ఎక్కువ.

మూత తీసినా అందుకోకపోతే, ఇంజను చల్లారకముందే ప్లగ్గు ఊడదీసి, హెడ్డుకు ఆనించి కిక్కు కొట్టండి. చల్లగా ఉన్నప్పుడు నీలంగా దూకిన రవ్వ ఇప్పుడు పసుపుపచ్చగా, పలచగా ఉన్నా, కరెంటును తెంచి కలిపే పాయింట్ల మధ్య మెరుపులు కనిపిస్తున్నా, దోషం ప్లగ్గుకు కరెంటు పుట్టించే మాగ్నెటోలో తిరిగే ఆర్మేచర్‌లో దాగిన కండెన్సర్‌దని అనుమానించాలి. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటు అక్కడే మెరిసి వృథా కాకుండా ఆపడం దాని పని. అందులోని పాతబడిన కాగితపు పొర వేడికి కరెంటును కారనిస్తుంది, చల్లారితే మళ్లీ నిలుపుతుంది. అందుకే చల్లని బల్లమీద మామూలు మీటరుతో కొలిస్తే అది బాగున్నట్టే కనిపించి, మనిషిని మళ్లీ కార్బురేటర్ వైపు మళ్లిస్తుంది. ఆర్మేచర్‌ను వేడిచేసి, కండెన్సర్‌ను వైండింగు (తీగచుట్ట) నుంచి విడదీసి, ఎక్కువ వోల్టేజి ఇన్సులేషన్ టెస్టరుతో చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఆ కండెన్సర్‌ను మార్చడమే పరిష్కారం. అయితే ఆర్మేచర్‌ను బయటికి లాగే ముందు, ప్లగ్గు తీగకు కరెంటు అందించే పికప్‌ను, ఎర్త్ బ్రష్‌ను, సేఫ్టీ గ్యాప్ స్క్రూను తప్పనిసరిగా తీసేయాలి. లేకుంటే దొరకడమే కష్టమైన స్లిప్ రింగ్ (పికప్ ఆనుకొనే, ఆర్మేచర్ మీది వలయం) అంచు పగిలిపోతుంది. వేడిని, వోల్టేజిని తట్టుకొనే కొత్తరకం కండెన్సర్ వేసి, కాలిన పాయింట్లను చదునుచేసి, గ్యాప్ 0.30 మి.మీ. ఉంచండి. ఆర్మేచర్ పైపూత కరిగి జిగురుగా కనిపిస్తే వైండింగును కూడా కొత్తగా చుట్టించాలి.

వాల్వు క్లియరెన్సు (వాల్వు కాడ దగ్గర ఉంచే సందు) తగ్గినా, ఇన్‌టేక్ దగ్గర గాలి లాగినా ఇలాంటి లక్షణమే అరుదుగా కనిపించవచ్చు. వేడిలోనూ రవ్వ గట్టిగా ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.